కలువ కుండీలో పిడక

ఇండియన్ స్టోర్‌లో పూజ సామాను పక్కన అమ్మే పిడకల ప్యాకెట్ తెలుసుగా మీకు? పోయిన నెల ఒకటి చింపగానే, ఆ వాసనకి అమెరికాలో, కాపెల్‌లోని మా బ్యాక్‌యార్డ్ కాస్తా అమ్మమ్మ పెరడైపోయింది.

మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది, బట్టలుతికే రాయి పక్కన సిమెంటు తొట్టి. మా తొట్టిలో కలువలు, వాటి కింద చిన్న చేపలు. అమ్మమ్మ పిడక ముక్కని పాత చీర గుడ్డలో మూటకట్టి, మోచేతి దాకా చెయ్యి ముంచి, దుంప పక్కన బురదలోకి దింపేది. ఎరువు నీళ్ళలో కలిస్తే చేపలు చస్తాయని పైన ఇసుక కప్పేది.

తాతయ్య పోయాక ఆమెని పూలు పెట్టుకోవద్దన్నారు. తాతయ్య అక్క ఆ తొట్టి కూడా తీసేయమంటే, అమ్మమ్మ మూట కడుతూనే, "పెట్టుకోవద్దన్నారు, మానేశాను. పెంచడం మాత్రం మానను వదినా" అంది.

నాన్న పోయాక అమ్మ కూడా పూలు మానేసింది. ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మా ఫిష్ పాండ్‌లో దింపిన కుండీలో కలువలు ఆకులేసి ఊరుకుంటే, నేనూ మూట కట్టాను.

"పూజకి తెచ్చినవి బురదలో పెడతావుటే?" అంది అమ్మ.

"పెడతాను. మొదటి పువ్వు నీ తల్లోనే పెడతాను."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"అనుకోనీ. నా ఎదురుగా ఒక్కరిని అనమను, చూస్తాను."



ఈ ఉదయం పువ్వు విచ్చుకుంది. నేను కాడ తుంచేసరికి, అమ్మ తల దువ్వుకుని వచ్చి నా ముందు మెట్టు మీద కూర్చుంది.

"గట్టిగా గుచ్చవే, జారిపోతుంది" అంది.