క్రీము రాసుకుంటే అమ్మోరు వచ్చింది

మా అమ్మకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. నీటికాసులు. ఒక్కసారిగా పోలేదు. పక్కల నుంచి మెల్లగా మూసుకుంటూ వచ్చి, చివరికి కిటికీ ఎటు ఉందో తెలిసేంత వెలుతురు మాత్రం మిగిలింది. ఈ హిందీ దేశంలో, బారిడీహ్‌లోని మా ఉక్కు కర్మాగారం క్వార్టర్ వరండాలో కుర్చీ వేసుకుని, ఆ వెలుతురుకేసి మొహం పెట్టి కూర్చుంటుంది. సాయంత్రం నేను కుట్టుపని చేసే షాపు నుంచి రాగానే చెయ్యి చాపుతుంది. నేను వంగుతాను. నా బుగ్గకు అరచెయ్యి ఆనించి, "వచ్చినావేటే" అంటుంది. అప్పటిదాకా నేను ఇంటికి వచ్చినట్టు కాదు.

ఆ చేతికింద కళ్ళు మూసుకుంటే నాకొక మత్తు కమ్ముతుంది. కర్మాగారం వైపు ఆకాశం ఎర్రబడుతూ ఉంటుంది, ఎవరింట్లోనో కుక్కర్ కూస్తుంది, మా ఇల్లు నేలకు కాస్త పైన తేలుతున్నట్టు అనిపిస్తుంది. నా వయసెంతో ఆ కాసేపు గుర్తుండదు. అమ్మ మనసులో ఉన్నది ఆవిడ చివరిసారి సరిగ్గా చూసిన మొహమే కదా, చంకలో పిల్లనెత్తుకున్న నా పడుచు మొహం. అక్కడ నేనింకా అలాగే ఉన్నాను.

అద్దంలో మాత్రం అలా లేను. మా షాపులో బట్టలు వేసుకుని చూసుకునే గదిలో అద్దం నెత్తిన ఒక లైటు పెట్టారు, పెట్టినవాడి చెయ్యి విరగ! ఆ లైటు కింద బుగ్గల మీద మంగు, కళ్ళ దగ్గర సన్నగీతలు, నోటికి అటూ ఇటూ ముడతలు. ఇంటికొచ్చి మా అమ్మాయిని పట్టుకున్నాను. కాలేజీ పిల్ల. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. రెటినాల్ అని, ముడతలు తగ్గించే క్రీము, ఒక చిన్న ట్యూబు తెప్పించి ఇచ్చింది.

"హఫ్తే మే దో బార్, మమ్మీ. మటర్ కే దానే జిత్నా. బస్."

వారానికి రెండుసార్లట, బఠాణీ గింజంతట! నా చేటంత మొహానికి బఠాణీ గింజ ఏ మూలకి? నాకేదైనా వెంటనే తేలిపోవాలి. రోజూ పడుకునే ముందు మొహం కడుక్కుని, తడి ఆరకుండానే వెన్న పూసినట్టు పూశాను. అదీ చాలక, శుక్రవారం వచ్చిందంటే సున్నిపిండితో నలుగు పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. ఆ వారం మరికాస్త గట్టిగా రుద్దాను. అసలే నాది కొత్త చీర అంచు తగిలినా మెడ కందిపోయే చర్మం. ఇంకేముంది, బుగ్గలు ఎర్రగా ఉడికిపోయాయి. ముక్కు పక్కన పొట్టు లేచింది. గడ్డం నిండా సన్నటి పొక్కులు.

ఆ సాయంత్రం అమ్మ చెయ్యి బుగ్గకు తగలగానే "అబ్బా!" అని వెనక్కి తగ్గాను.

ఆవిడ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తర్వాత వేలి కొసతో, తగిలీ తగలకుండా, నా గడ్డం ఒకసారి తడిమింది. కుర్చీలోంచి లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది.

"అమ్మోరు పోసినాది," అంది. "సల్లగా సూడు తల్లీ!"

"నాకు చిన్నప్పుడే పోసింది కదే అమ్మా!"

"ఆ తల్లి మళ్ళీ రావాలనుకుంటే నిన్నడిగి వత్తాదేటి?"

అప్పుడే చెప్పేయాల్సింది, క్రీము అని. నోరు రాలేదు. కాలేజీకెళ్ళే పిల్ల ఉన్నదాన్ని, ఈ వయసులో సోకులా అంటుందని సిగ్గు. ఇంకొకటి కూడా ఉంది. చూపు పోయాక అమ్మను ఎవరూ ఏదీ అడగడం లేదు, కూర ఏం వండాలో కూడా. ఇప్పుడు చూడాలి ఆవిడ జోరు! గుమ్మానికి వేపమండలు కట్టించింది. తాళింపు వెయ్యొద్దంది. నా తల దువ్వనివ్వలేదు. నా పక్క మీద వేపాకు పరిపించి, నాకు పెరుగన్నమే పెట్టాలని మనవరాలికి గట్టిగా చెప్పింది. ఆ పిల్ల నావైపు చూసి నవ్వు ఆపుకోలేక బాత్రూములోకి పరిగెత్తింది.

షాపుకు సెలవు పెట్టి పడుకున్నాను. మధ్యాహ్నాలు ఆకుపచ్చగా గడిచాయి. కిటికీలో వేపమండ ఊగుతుంటే గోడమీద నీడ నీళ్ళలో ఉన్నట్టు కదిలేది. అమ్మ గడప అవతలే కూర్చుని, "నిమ్మళంగా ఉన్నావా తల్లీ" అని అడిగేది. అడుగుతున్నది నన్ను కాదు, నాలో ఉన్న ఆ తల్లిని. ఏటే అనడం మానేసింది. చెయ్యి చాపడం మానేసింది. అమ్మోరు ఉన్న ఒంటిని ముట్టుకోకూడదు మరి. మొదటిరోజు నవ్వొచ్చింది గానీ, తర్వాత సాయంత్రమయ్యేసరికి ఏడుపొచ్చేది. ఇంట్లోనే ఉన్నాను, ఇంటికి మాత్రం రాలేదు. ఈ చెయ్యి మళ్ళీ నా బుగ్గ మీదికి రాకపోతే ఎలాగ, ఆవిడకా వయసు మీద పడింది, అని వేపాకు మీద అటూ ఇటూ దొర్లేదాన్ని.

చివరికి అమ్మ పసుపూ వేపాకూ నూరించి గిన్నె లోపలికి పంపింది. ఆవిడ మాట తీసెయ్యలేక రాసుకున్నాను. అమ్మబాబోయ్! మొహం మీద నిప్పులు పోసినట్టయింది. మా అమ్మాయికి ఇక నవ్వు రాలేదు. స్కూటీ ఎక్కించుకుని కద్మాలో ఉన్న చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

ఆవిడ తిట్టలేదు, అదే నయం. అన్నీ మానేసి, మంట చల్లారేదాకా వాసన లేని మామూలు మాయిశ్చరైజరే రాయమంది. పూర్తిగా తగ్గాకే మళ్ళీ రెటినాల్ జోలికి వెళ్ళాలట, అదీ తక్కువ మోతాదుది. మొదట్లో వారానికి ఒక రాత్రి, ఒంటికి పడితే రెండు. మొహం పొడిగా ఆరాక ముందు మాయిశ్చరైజర్, దానిమీద బఠాణీ గింజంత రెటినాల్, ఆపైన మళ్ళీ మాయిశ్చరైజర్. కళ్ళ దగ్గరికీ పెదాల మూలలకీ పోనివ్వకూడదు. నలుగు, నిమ్మరసం, పసుపు ముద్ద, ఏదీ వద్దు. పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి రావద్దు. ఫలితం కనిపించడానికి నెలలు పడుతుంది, తొందరపడొద్దు అంది. కడుపుతో ఉన్నవాళ్ళు అసలు ముట్టుకోకూడదని కూడా చెప్తే, "నాకా భయం లేదులెండి" అన్నాను.

మంట తగ్గింది. ఎరుపు దిగింది. అమ్మ వేపాకు నీళ్ళు కాయించి, అమ్మోర్ని సాగనంపే స్నానానికి పిలిచింది. పెరట్లో పీట వేసి ఉంది. మసక వెలుతురులో నీళ్ళ ఆవిరి లేస్తోంది. ఆవిడ అంత భక్తిగా చెంబు పట్టుకుని నిలబడితే ఇక అబద్ధం ఆడలేకపోయాను.

"అమ్మోరు కాదే అమ్మా. క్రీము రాసుకున్నాను. అది పడక పొక్కింది."

చెంబు కింద పెట్టింది. "కిరీమా? ఓసి నీ సోకులు మండా! అమ్మోరని ఆ తల్లికి మొక్కుకున్నాను గదే!"

తిట్టింది, తనివితీరా తిట్టింది. మళ్ళీ ఏటే అని నన్నే తిడుతుంటే నాకెంత హాయిగా ఉందో.

కాసేపటికి గొంతు తగ్గించి, "ఏటికే ఆ కిరీము?" అంది.

"ముడతలు పోవడానికి."

"ముడతలా? నీకేటి ముడతలు?" నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎక్కడే? సూపించు."

ఆవిడ చెయ్యి పట్టుకుని నా నోటి పక్కన పెట్టాను. రోజూ ఆనించే అరచెయ్యి కాదు, ఒక్క వేలు. ముక్కు దగ్గర మొదలుపెట్టి గడ్డందాకా ఆ గీత వెంట మెల్లగా దిగింది. మళ్ళీ పైకి వెళ్ళి మళ్ళీ దిగింది. రెండోవైపు కూడా తనే వెతుక్కుంది. ఆవిడ మొహంలోకి నవ్వు వచ్చింది.

"నా పిల్లకి ముడతలొచ్చిందాకా బతికున్నానన్నమాట," అంది.

ఆవిడ వేలు ఇంకా అక్కడే ఉంది.

"ఇవి ఇలాగే ఒగ్గీయే, సెరపకు," అంది. "నాను సూసుకోవాల."