నలభై ఏడో నంబరు చీటీ

ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన యుద్ధంలో ఫిలాండర్ స్టాడర్డ్ ఒక్క తూటా పేల్చలేదు. అయినా మా ఊళ్లో యుద్ధం గురించి ఎవరు నోరు విప్పాలన్నా ఆయనగారి అనుమతి ఉండాల్సిందే. తొమ్మిది నెలల కోసమని మా రాష్ట్రం పోగుచేసిన వాలంటీరు రెజిమెంటులో ఆయన సార్జెంటు హోదాలో మా కంపెనీ గుమాస్తా. పొద్దున్నే ఎవరున్నారు, ఎవరు లేరు, ఎవరికి విరేచనాలు అని హాజరు పుస్తకంలో రాసేవాడు. రెజిమెంటును రద్దుచేసిన రోజున కాగితాల పెట్టెను ఇంటికి మోసుకుపోయాడు. అడిగిన నాథుడు లేడు. అప్పట్నుంచి ముప్ఫై రెండేళ్లుగా ఆ పెట్టె చూసుకునే విర్రవీగుతున్నాడు.

కాగితమంటే ఏం పిచ్చో! బూట్ల రసీదైనా పారేయడు. ప్రతిదానికీ ఎర్రసిరాతో నంబరు వేశాడు, మొత్తం మూడు వందల పన్నెండు. ఆ జాబితాను చిన్న పుస్తకంగా అచ్చువేయించి, మాజీ సైనికులు శనివారం పెట్టిన చిక్కుడుగింజల విందుకొచ్చిన ప్రతివాడి చేతిలోనూ పెట్టాడు. మగాడన్నవాడు ఒక్కడు చదివితే ఒట్టు. వేడిగిన్నెల కింద వేసుకున్నారు.

ఆ వసంతంలో టౌన్‌హాలు ముందు చనిపోయినవాళ్ల పేర్లతో రాయి నిలబెట్టాలని నిర్ణయించారు. పేర్లు ఇవ్వాల్సింది ఇంకెవరు, స్టాడర్డే. అందులో ఎల్నాథన్ విల్బర్ పేరు లేదు. పోరు జరిగిన రోజు హాజరులో 'చెప్పకుండా పోయాడు' అని ఉందట. శత్రువుల జైల్లో చచ్చిపోయినా సరే, పారిపోయినవాడికి రాయి మీద చోటు లేదట.

ఎల్నాథన్ భార్య కెజయా మూడుసార్లు స్టాడర్డ్ గడప తొక్కింది.

"సార్జెంటుగారూ, చర్చిలో కూర్చుంటే 'పారిపోయినోడి పెళ్లాం' అని గుసగుసలు. ఆయన అలాంటి మనిషి కాదని మీకు తెలీదా?"

"నాకు తెలిసేదేముందమ్మా కెజయా? పుస్తకంలో ఉన్నదే చెబుతున్నా. పుస్తకం అబద్ధమాడుతుందా?"

ఆ పుస్తకం రాసింది తనేనని మాత్రం అనలేదు, సిగ్గులేని మనిషి!

ఆయనకన్నీ తెలుసు. పోరుకు ముందు సాయంత్రం, పాత శిబిరంలో మరిచిపోయిన తన సంచి తెమ్మని చీటీ రాసిచ్చి ఎల్నాథన్‌ని పంపింది ఆయనే. ఆ చీటీని కావలివాడు పద్ధతి ప్రకారం తిరిగి గుమాస్తాకే అందజేశాడు. తెల్లారేసరికి మనిషి రాలేదు, దారిలోనే శత్రువులకు చిక్కాడు. "ఏడిరా వాడు?" అని కెప్టెన్ ఉరిమాడు. సంచి కోసం పంపానంటే తన సార్జెంటు పట్టీలు ఊడతాయి. భయంతో కలం ముంచి, పారిపోయాడని రాసేశాడు.

రాయి మాట వచ్చాక రెండుసార్లు ఆ చీటీని పొయ్యిదాకా తీసుకెళ్లాడు. కానీ అది కాలిస్తే నలభై ఆరు తర్వాత నలభై ఎనిమిది వస్తుంది! చేతులాడక మళ్లీ పెట్టెలో పెట్టుకున్నాడు. జాబితా ఎవడు చదివి చచ్చాడులే అనుకున్నాడు.

కెజయా చదివింది. మాజీ సైనికుల హాల్లో స్టాడర్డ్ రాయి మీదికెక్కే పేర్లు చదివి గొంతు సవరించుకుంటుంటే, అచ్చుపుస్తకం పట్టుకుని లేచింది.

"నలభై ఏడు. బయటికెళ్లే చీటీ, విల్బర్. తారీఖు పోరుకు ముందురోజు. చీటీ ఇచ్చి పంపితే పారిపోవడమెలా అవుతుందండీ? ఏదీ, చూపించండి."

స్టాడర్డ్ వెంట తెచ్చుకున్న పెట్టె మీద చెయ్యి వేశాడు. "అది... ఎక్కడో పోయినట్టుంది."

"పోయిందా!" మా కంపెనీలోనే పనిచేసిన ఒంటికాలి ఓబెడ్ పగలబడి నవ్వాడు. "బూట్ల రసీదు దాచావు, మనిషి చీటీ పోగొట్టావా? మూడొందల పదకొండే అనవయ్యా మరి! ఈ మాత్రం సంబడానికి పుస్తకమొకటి!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఆయన భరించలేకపోయాడు. "నా పెట్టెలో కాగితం పోవడమా?" అని పౌరుషంగా మూత ఎత్తి, చీటీ తీసి బల్ల మీద కొట్టాడు. దాని మీద ఏముందో అప్పుడు గుర్తొచ్చింది, మొద్దుబుర్రకి. ఈలోపు ఓబెడ్ చదివేశాడు: "సార్జెంటు స్టాడర్డ్ సంచి తెచ్చుటకు."

నవ్వులు ఆగిపోయాయి. ఎల్నాథన్ పేరు చెక్కాల్సిందేనని అక్కడికక్కడే చేతులెత్తారు.

"ఏముందండీ ఆ సంచిలో?" అంది కెజయా.

"తలనూనె," అన్నాడు. "దువ్వెన."

ఆమె ఆయన మొహాన ఉమ్మేస్తుందనుకున్నాం. ఉమ్మలేదు. చీటీ మడిచి గుండెల దగ్గర దోపుకుని గుమ్మం వైపు నడిచింది.

"అమ్మా, అది పెట్టెలోది!" అని వెనకనుంచి అరిచాడు స్టాడర్డ్. "దానికి నంబరుంది!"