ఖాళీగా పోవాల్సిన సిలిండరు

పూలమ్మ ఇంటినుంచి ఖాళీ గిన్నె బయటికి పోదని పుంగనూరులో ఆ వీధి వీధంతటికీ తెలుసు. పక్కింటివాళ్ళు పాయసం పంపిన గిన్నె తిరిగి పోయేటప్పుడు అందులో చిటికెడు చక్కెరైనా ఉండాలి. పాలాయనకు క్యాను కడిగి ఇచ్చేటప్పుడు కూడా అడుగున నాలుగు మల్లెమొగ్గలు పడేవి. "పాలకు మల్లెపూల వాసనొస్తాందని డైరీవాళ్ళు నన్ను తిడతాండారమ్మా" అని ఆయన మొత్తుకున్నా మానలేదు. ఖాళీ పాత్ర గడప దాటితే ఇంటి కడుపు చల్లబడదని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళమ్మ చెప్పి ఉంటుంది. వర్షాలు మొహం చాటేసిన ఊళ్ళల్లో నిండుదనమంటే అంత ఆశ మరి.

పూలమ్మ పని మదనపల్లె టమోటా మార్కెట్లో. తెల్లారకముందే కూలీల వ్యానెక్కి పోతుంది. పచ్చివీ, దోరవీ, పండినవీ వేరు చేసి, క్రేటు అడుగున గడ్డి పరచి, గట్టికాయ కిందికీ మెత్తకాయ పైకీ సర్దుతుంది. ఆమె సర్దిన క్రేటు ఎంత దూరం లారీలో ఊగినా ఒక్క పండు కన్నీరు పెట్టుకోదని మండీ గుమాస్తా మధుసూదన్ అంటాడు. భర్త వెంకటరమణప్ప పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. ఉన్నదల్లా కుప్పంలో చెల్లెలు ప్రమీల, ఆమె కూతురు అశ్విని.

ఆ అశ్విని అండమాన్‌లో పనిచేస్తుంది. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్ళను చేయిపట్టుకొని నీళ్ళ కిందికి తీసుకుపోయి, చేపలు చూపించి మళ్ళీ పైకి తెచ్చే పని. వెయ్యడుగులు బోరేసినా దుమ్మే లేచే నేలలో పుట్టిన పిల్ల నీళ్ళకింద జీతం సంపాదిస్తోందంటే మార్కెట్లో మొదట ఎవరూ నమ్మలేదు. ఆ పిల్లకు ఈత నేర్పింది వెంకటరమణప్పే. ఎండాకాలం సెలవుల్లో మామిడితోట బావిలో, వీపుకు నూనెడబ్బా కట్టి, గట్టుమీద కూర్చొని అరుస్తూ నేర్పాడు. ఆ బావి ఎండిపోయింది. ఈత మాత్రం పిల్ల ఒంట్లో ఉండిపోయింది.

ఈసారి సెలవుకొచ్చినప్పుడు అశ్విని నీళ్ళలోకి దిగే తన సామాను కూడా తెచ్చుకుంది. బెంగళూరులో బాగుచేయించుకొని, పెద్దమ్మను చూసి, కుప్పంలో అమ్మ దగ్గర ఒక రాత్రి ఉండి, అక్కణ్ణుంచి రైల్లో బెంగళూరుపోయి విమానమెక్కాలి. పుంగనూరులో ఉన్న ఆఖరి సాయంత్రం ఆ సామానంతా చాపమీద పరిచింది. సముద్రం ఒంటిమీది చర్మం విడిచి పోయినట్టు నల్లటి రబ్బరు బట్టలు. బాతుకాళ్ళలాంటి పొడుగాటి చెప్పులు. కళ్ళద్దం, గాలి నింపుకునే జాకెట్టు, గొట్టాలు, కత్తి, టార్చి.

"నువ్వు పక్కకు జరుగు. సర్దేది నాకొదిలిపెట్టు" అంది పూలమ్మ.

"ఇవి టమోటాలు కాదు పెద్దమ్మా."

"ఏదైనా ఒకటేలే. కొన్ని నలగవు, కొన్ని నలుగుతాయి. అంతేగదా?"

అశ్విని నవ్వి, ఒక్కొక్కటీ చెప్పసాగింది. కత్తి పెద్దబ్యాగులోనే పోవాలి, చేతిసంచిలో ఉంటే పట్టుకుంటారు. టార్చిలోని బ్యాటరీలు తీసి చేతిసంచిలో పెట్టాలి. నోట్లో పెట్టుకొని ఊపిరి తీసుకునే గొట్టాలు మాత్రం తన ఒళ్ళోనే ఉంటాయి, వాటిని ఎవరి చేతికీ ఇవ్వదు. బరువు దాటితే విమానంవాళ్ళు ఊరుకోరు.

పూలమ్మ బాతుకాళ్ళను బ్యాగు రెండు పక్కలా గోడల్లా నిలబెట్టింది. కళ్ళద్దాన్ని ఒక బాతుకాలి పాదంలో దూర్చింది. గడ్డికి బదులు రబ్బరు బట్ట పరిచింది. జాకెట్టును ఒళ్ళో పెట్టుకొని, పసిబిడ్డకు వీపు నిమిరినట్టు నిమిరి, మిగిలిన గాలిని బయటికి పంపింది. అశ్విని చూస్తూ ఉండిపోయింది.

"అండమాన్‌లో మా డైవింగ్ షాపులో కూడా ఇట్ల ఎవురూ సర్దలేరు పెద్దమ్మా."

ఆ మాటకు పూలమ్మ మొహం వెలిగింది.

చివరికి చిన్న సిలిండరు మిగిలింది. మోచేతి పొడుగు, పచ్చరంగు. దాని తలమీది వాల్వును అశ్విని ముందే విప్పేసి వేరే గుడ్డలో చుట్టింది. సిలిండరు మూతి బావిలా నల్లగా తెరుచుకొని ఉంది. దానిమీద టేపు అంటించింది.

"దీన్ని మాత్రం ముట్టద్దు. లోపల గాలి ఉంటే విమానంలో ఎక్కనియ్యరు. ఖాళీగా ఉండాదని వాళ్ళకు కనపడల్ల."

"ఇంత చిన్నది దేనికే?"

"వీపుమీద పెద్దది ఉంటాది గదా, అది నీళ్ళకింద మొరాయించిందనుకో. అప్పుడు ఇది. దీన్లో నాలుగు ఊపిర్లుంటాయి, పైకొచ్చేదానికి సరిపోతాయి." పూలమ్మ చూపు చూసి అశ్విని వేలు ఆడించింది. "నాకు తెలుసు నీ సంగతి. పోయినసారి షూలో నిమ్మకాయ పెట్టినావు. దీన్లో ఏమీ ఎయ్యద్దు."

"ఎయ్యనులేవే" అంది పూలమ్మ.

పొద్దున అశ్విని స్నానానికి పోయింది. వాకిట్లో ఎండ అప్పుడే పాకుతోంది. బ్యాగు నోరు తెరిచి ఉంది. పూలమ్మ దాని పక్కన కూర్చొని ఆ పచ్చ సిలిండరును చూసింది. అన్నిటికంటే ఆఖరున బిడ్డ ప్రాణం ఆనుకునేది ఇదొక్కటే. ఇదొక్కటే ఇంట్లోంచి ఖాళీగా పోవాలట. చక్కెర ఇచ్చిన చేతులు, మల్లెలు ఇచ్చిన చేతులు. ఆ చేతులు ఆమెను అడక్కుండానే దేవుడి పటం కింది గిన్నెలోకి పోయాయి. తడిపసుపు కలిపిన బియ్యం, గుప్పెడు కూడా కాదు. టేపు గోటితో లేపి లోపలికి జార్చింది. గింజలు లోపల వానచినుకుల్లా చప్పుడు చేశాయి. టేపు మళ్ళీ అంటించి, మీద రబ్బరు బట్ట కప్పి, జిప్పు లాగేసింది.

బస్టాండులో కుప్పం బస్సు కదులుతుంటే అశ్విని కిటికీలోంచి చెయ్యూపింది. ఆ రోజంతా పూలమ్మ మనసు నిండు కుండలా ఉంది.

మరుసటి రోజు మార్కెట్లో వేలం పాట ముగిసి, ఎర్రటి గుట్టలమధ్య పని జోరుగా సాగుతోంది. చౌడేపల్లె నుంచి కాయ తెచ్చిన రైతు మల్లప్ప, డబ్బు కోసం కాచుకొని, పూలమ్మ పక్కనే క్రేటు బోర్లించుకొని కూర్చున్నాడు. మందు కొట్టే స్ప్రేయరు మూతి ఒకటి చేతిలో పెట్టుకొని పిన్నీసుతో పొడుస్తున్నాడు.

"ఏందన్నా, దాంతో కుస్తీ పడతాండావు?" అంది పూలమ్మ.

"ఏం సెప్పేది తల్లీ. నిన్న మందు కొట్టబోతే సుక్క రాలే. డ్రమ్ము నిండా మందుండాది, మోటరు కొట్టుకుంటాది, ఈడ మాత్రం ఏమీ లే. విప్పి సూస్తే ఇదిగో." గోటిమీద ఏదో చూపించాడు. నూక. బియ్యపు నూక. "ఇంట్లో ఆడోళ్ళు బియ్యం కొలిసే డబ్బాతో నీళ్ళు పోసినారు. ఇంత గింజ అడ్డం పడితే లోపల ఎంత ఉండి ఏం లాభం, సెప్పు?"

పూలమ్మ చేతిలోని టమోటా చితికింది. అన్నేళ్ళలో ఆ చేతిలో కాయ చితకడం పక్కన కూర్చున్నవాళ్ళెవరూ చూడలేదు.

పక్కకు పోయి ఫోను తీసింది. అశ్విని వెంటనే ఎత్తింది. "ఏం పెద్దమ్మా?"

చెప్పాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. అక్కడే అడ్డం తిరిగి నిలబడింది. "తిన్నావా?" అంది పూలమ్మ.

"తిన్న్యా. అమ్మ రాగిసంగటి చేసింది. సాయంత్రం రైలు. ఏందట్ల ఆయాసపడతాండావు?"

"ఏంలే. మూట ఎత్తినా" అని పెట్టేసింది.

ఇంకోసారి చేయబోయి, తన వేళ్ళకున్న టమోటా రసాన్ని చూసి ఆగిపోయింది. ఫోనులో చెప్పడం సులువు కాబట్టే అది చెప్పినట్టు కాదనిపించింది. మధుసూదన్‌తో ఒంట్లో బాగాలేదని చెప్పి బస్టాండుకు నడిచింది. అది అబద్ధమని కూడా అనిపించలేదు.

పుంగనూరు వచ్చింది, ఆమె దిగలేదు. పలమనేరులో బస్సు మారింది. కిటికీ బయట చింతచెట్లు, మామిడితోటలు, ఎండిన చెరువులు వెనక్కి పోతున్నాయి. ఆమె మాత్రం అన్నిటికీ కింద, ఎప్పుడూ చూడని నీలంలో ఉంది. అక్కడ అశ్విని ఆ పచ్చ సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకొని పీలుస్తోంది. పీలుస్తోంది. ఏమీ రావడంలేదు. పూలమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కసీటామె, "వాంతి వస్తాందా అమ్మా, నిమ్మకాయ ఇయ్యల్నా?" అంది.

వి.కోట దాటాక ఇంకో ఆలోచన, పిల్లిలా చప్పుడు లేకుండా వచ్చింది. ఎలుకలు. ఎలుకలు బియ్యం ఈడ్చుకొచ్చి సిలిండర్లో పోశాయేమో చూసుకోమని చెప్పొచ్చు. పసుపు సంగతి ఎవరు పట్టించుకుంటారు? ఆ అబద్ధాన్ని కుప్పం దాకా ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. దించలేదు, ఎత్తుకోనూ లేదు.

కుప్పం స్టేషన్లో ప్లాట్‌ఫారం చివర, వేపచెట్టు నీడలో అశ్విని, ప్రమీల బ్యాగుమీద కూర్చొని ఉన్నారు.

"ఏందక్కా, మార్కెట్టు మూసేసినారా? ముందే సెప్పుంటే నీగ్గూడా ఇంత సంగటి పెడుదును గదా!" అని ప్రమీల లేచింది.

పూలమ్మ చెల్లెలి మొహం చూడలేదు. అశ్విని ముందు నిలబడింది. ఎలుక మాట నాలుకమీదికి వచ్చింది. పిల్ల కళ్ళు ఎండకు చిట్లించుకొని నవ్వుతున్నాయి.

"ఆ సిన్న సిలిండర్లో నేను బియ్యమేసినా" అంది.

అశ్వినికి అర్థం కాలేదు. తర్వాత అయింది. నవ్వు మొహంమీదే ఉండి, లోపలి మనిషి మాత్రం వెళ్ళిపోయినట్టయింది. బ్యాగు విప్పింది, రబ్బరు బట్ట లాగింది, టేపు పీకింది. సిలిండరు బోర్లిస్తే సిమెంటుమీద నాలుగైదు పసుపు గింజలు రాలాయి. తట్టింది. ఇంకో రెండు. ఫోను లైటు వేసి లోపలికి చూసింది.

"తడిబియ్యం. అతుక్కోనుండాయి."

"కడిగితే పోవా?" అంది పూలమ్మ.

"కడిగి, ఆరబెట్టి, లోపలంతా సూడల్ల. ఇనుముకు తడి తగిలితే తుప్పు. ఇప్పుడు కాదు." గొంతు పెంచలేదు. అదే పూలమ్మకు భరించరానిదైంది. "ఎయిర్‌పోర్టులో సూసుంటే ఆపేసుందురు. సూడకుంటే వాల్వు బిగించి గాలి నింపేసుందును. ఎందుకంటే దీన్ని నేనే విప్పినా, నేనే మూసినా. నీ ఇంట్లో ఉన్న సామాను మళ్ళీ సూసుకోవల్లని నాకెందుకు తోస్తాది పెద్దమ్మా?"

ప్రమీల మధ్యలోకి వచ్చింది. "పోనీలేవే, మంచికే గదా ఏసింది. పాపం ఇంత దూరం..."

"ఆ మంచి నీళ్ళకింద నన్ను సంపేసుండేది."

పూలమ్మ ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చే పని కూడా ఆ పిల్లమీదే పడుతుందని తెలుసు. "ఎయ్యద్దంటివి. ఎయ్యనంటిని. ఏసినా" అంది.

"ఫోను సేసినావు గదా పొద్దున. తిన్నావా అనడిగి పెట్టేసినావు."

"నోరు రాలే."

అశ్విని సిలిండరును తల్లి చేతికిచ్చింది. "ఇది ఈడ్నే ఉండనీ. నేను పోయి షాపులో ఎవుర్దైనా అడుక్కుంటా." తర్వాత పూలమ్మ వైపు తిరిగింది. "ఇంగ నా బ్యాగు నువ్వు ముట్టద్దు."

"సరే" అంది పూలమ్మ. బెంచీమీద కూర్చొని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

అశ్విని మోకాళ్ళమీద కూర్చొని అన్నీ మళ్ళీ పెట్టసాగింది. జాకెట్టు మడత సరిగా పడలేదు. బాతుకాళ్ళు రెండూ ఒకే పక్కకు పోయాయి. కళ్ళద్దం గట్టిసామాను మధ్య ఇరుక్కుంది. పూలమ్మకు కనిపిస్తూనే ఉంది. వేళ్ళు ఒళ్ళో కదిలాయి. ఆమె వాటిని ఒకదాన్నొకటి పట్టుకునేలా చేసి కూర్చుంది. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. అశ్విని మోకాలు పెట్టి అదిమింది. రాలేదు. దూరంగా సిగ్నలు మారింది.

అశ్విని తల ఎత్తింది. చూపులో కోపం ఇంకా ఉంది. అడగడం కూడా ఉంది.

పూలమ్మ లేవలేదు. "కళ్ళద్దం ముందు తీసెయ్. నలుగుతాది" అంది కూర్చున్నచోటినుంచే. "ఒక సెప్పు అటుపక్కకు నిలబెట్టు. ఆఁ, మడమ కిందికి. ఇప్పుడు అద్దం దాన్లోకి. బట్ట పైన కప్పు."

అశ్విని ఒక్కొక్కటీ చెప్పినట్టే చేసింది. జిప్పు గరగరమంటూ చివరిదాకా పోయింది. రైలు వచ్చి ఆగేసరికి ప్రమీల బ్యాగుకు ఒక పక్క చెయ్యి వేసింది. రెండో పక్క అశ్వినే పట్టుకుంది. రైలుపెట్టెలోకి ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, "దిగినాక ఫోన్ సేస్తా" అంది. ఎవరితో అందో పూలమ్మకు తెలియలేదు. తనతో కాదేమోనని తల ఊపలేదు.