ప్లీడరు గారి ఎడమ చెవి

మా ప్లీడరు గారు పోయారన్న మాట నాకు బిట్రగుంట స్టేషన్లో తెలిసింది. కదులుతున్న రైలు కిటికీలోంచి కోర్టు గుమాస్తా ఒకాయన కేకేశాడు: "మీ గురువు గారు పోయినాడు కదయ్యా, తెలీదా?" నాకు ముందు కోపం వచ్చింది. అట్లా కేకేసి చెప్పే మాటేనా అది? తర్వాత ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చాను.

లా పూర్తయ్యాక నాకు కాలేజీవాళ్ళు ఒక ఫెలోషిప్ ఇచ్చారు. చిక్కుపడిన సివిల్ దావా ఒకదాన్ని ఏడాది పాటు పట్టుకుని, పెద్ద ప్లీడరు దగ్గర పని నేర్చుకుని, దాని మీద వ్యాసం రాయాలి. నెల్లూరులో ఈయనకు నన్ను అప్పగించారు. నాకు దొరికిన దావా పులికాట్ సరస్సు నీళ్ళది. ఉత్తరపు కుప్పం, దక్షిణపు కుప్పం, రెండూ జాలర్ల ఊళ్ళు. రొయ్యలు దండిగా పడే చోటు మాదంటే మాదని రెండూ కొట్టుకు చస్తున్నాయి. నిజంగానే చస్తున్నాయి. ఉత్తరంవాడొకడు బల్లెం పోటుకు పోయాడు. ఆ కసితో ఉత్తరంవాళ్ళు వెళ్ళి దక్షిణంవాళ్ళ గుడిసెలు తగలబెట్టారు. మేము ఉత్తరం తరఫు.

మొదటిరోజే ఆయన, "ముందు దక్షిణపు కుప్పం పోయి రా. వాళ్ళ ప్లీడరుకు చెప్పినాలే," అన్నారు.

"వాళ్ళు మన ప్రతివాదులండీ! కొడతారు."

"కొడితే ఎందుకు కొట్టినారో అడిగి రా. దావాకు పనికొస్తాది."

వెళ్ళాను. కొట్టలేదు. ఒక ముసలమ్మ కాలిపోయిన వల తెచ్చి నా ఒళ్ళో పడేసి, "చూసుకో నాయనా, మీ వాళ్ళ పని," అంది. ఆ మసి నా పంచెకు అంటింది. తిరిగొచ్చి ఆయనకు ఇదంతా చెప్పాను. తర్వాత నేను రాసిన కాగితాలను ప్లీడరు గారు చదివి, కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు. "సెక్షన్లన్నీ ఉండాయి. ఆ ముసిలామె యాడ?" అని అరిచారు. ఆయన కోపానికి ఇంట్లో పిల్లి కూడా నిలిచేది కాదు.

ఆ తర్వాత కోర్టు పంపిన కమిషనర్‌తో నీళ్ళు చూడటానికి వెళ్ళాం. రెండు ఊళ్ళ పడవలూ వచ్చాయి. ఎవడో ఎవడి వలో కోశాడు, అంతే. బల్లేలు లేచాయి. నా కళ్ళ ముందే ఒకడి ముంజేయి ఎముక దాకా చీలింది. ఒకడి తల పట్టుకుని ఇంకొకడు నీళ్ళలో ముంచుతున్నాడు. ప్లీడరు గారు "ఆగండ్రా!" అంటూ మోకాటి లోతు నీళ్ళలోకి దిగారు. దక్షిణంవాడొకడు, పొడుగాటి మనిషి, తెడ్డెత్తి ఆయన ఎడమ చెవి మీద కొట్టాడు.

ఆయన బోర్లా పడ్డారు. చొక్కా పట్టుకుని పడవలోకి ఈడ్చాను. చెవిలోంచి రక్తం కారుతోంది. మా వాళ్ళు వాణ్ణి చుట్టుముట్టి, "ఇక్కడే పొడిచేస్తాం సామీ, ఊఁ అను!" అంటున్నారు.

"వదలండి. నన్ను కొట్టినోణ్ణి నేను చూళ్ళా," అన్నారాయన, వాడి మొహంలోకే చూస్తూ.

నేను ఊరుకోలేకపోయాను. "నేను చూశానండీ! హత్యాయత్నం కేసు పెడదాం!"

ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. "ఊరంతా ప్రతివాదే అబ్బయా. వీడు జైలుకు పోతే మళ్ళా బల్లేలు లేస్తాయి. రేపు రాజీ ఎవరితో చేసుకుంటాం, శవాలతోనా?"

వాళ్ళ బల్లేలు దిగాయి. తెడ్డు పట్టుకున్నవాడు అట్లాగే నిలబడిపోయాడు.

ఆ ఏడాదే రాజీ డిక్రీ అయింది. ఒకరోజు ఉత్తరం, ఒకరోజు దక్షిణం. ఆ నీళ్ళలో మళ్ళీ రక్తం కారలేదు. ప్లీడరు గారికి మాత్రం ఎడమ చెవి పోయింది. సోది చెప్పే కక్షిదారు వస్తే ఎడమ పక్క కుర్చీ చూపించేవారు. నా వ్యాసం గొప్పలు మొదలుపెడితే నాకూ అదే కుర్చీ! తెడ్డుతో కొట్టినవాడు ఏటా ఎండు రొయ్యలు తెచ్చి, కుడిపక్కన కూర్చుని, వానల గురించి మాట్లాడి వెళ్ళేవాడు. ఆ సంగతి అతనూ ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

బిట్రగుంట నుంచి నేను నెల్లూరు చేరేసరికి వీధి నిండా రెండు కుప్పాలవాళ్ళూ ఉన్నారు. అతను జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. జుట్టు నెరిసింది. పడుకోబెట్టిన ఆయన చుట్టూ తిరిగి, ఎడమ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవి దగ్గరకు వంగాడు.

ప్లీడరు గారి కొడుకు అతని భుజం తట్టాడు. "అన్నా, ఆ చెవి వినపడదు. ఈ పక్కకి రా."

"తెలుసు సామీ. ఈ చెవికే చెప్పాల నేను."

అరచెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. పాడె కట్టేవాళ్ళు తాళ్ళు పట్టుకుని, అతను లేచేదాకా ఆగారు.