బండిలో ఏమీ లేదండి

మా మేస్త్రీగారు పోయారన్న కబురు నాకు నూజివీడు బస్సు డ్రైవరు చెప్పాడు. సోమవారం పొద్దున ఆగిరిపల్లిలో నా షెడ్డు ముందు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ గురువుగారు తెల్లవారుజామున పోయారంట. గుండె నొప్పంట" అని చెప్పి వెళ్ళిపోయాడు. నేనప్పుడు ఒక లారీ కింద పడుకుని ఉన్నాను. ఇంకా రెండు బోల్టులు బిగించాల్సి ఉంది. అవి బిగించాకే బయటికి వచ్చాను. సగం పనిలో లేవకూడదని నేర్పింది ఆయనే.

నూజివీడు డ్రైవర్లూ మెకానిక్కులూ కలిసి ఆయన పేరున చిన్న పుస్తకం వేస్తున్నారు. మొదటి శిష్యుణ్ణి కాబట్టి నన్ను రాయమన్నారు. ఆయన మంచి గురించి రాయమన్నారు. రాస్తాను. కానీ అది ఒక్కటే రాసి ఊరుకుంటే, ఒకప్పుడు ఆయన చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది.

ఆయన షెడ్డు బస్టాండుకు కాస్త అవతల, ఒక డాక్టరుగారి ఖాళీ స్థలంలో ఉండేది. తాటాకు కప్పు, మూడు వైపుల తడికలు. బండి ఏది వచ్చినా ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవారు. తర్వాత బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవారు. ఆయిలు చూసే పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవారు. క్లచ్ మాడిన వాసన, వైరు కాలిన వాసన, పెట్రోలు ఎక్కడో చుక్కలుగా కారుతున్న వాసన, అన్నీ బానెట్ ఎత్తకముందే చెప్పేవారు. మేం తొందరపడి ఫలానా చోట చెడిందంటే, "బండి చెప్పేదాకా ఆగు అబ్బాయ్, నువ్వు చెప్పకు" అనేవారు. పని అయ్యాక కిరసనాయిలు రాసుకుని ఇసుకతో చేతులు తోముకునేవారు. అంత తోమినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. ఆ నలుపుతోనే అన్నం తింటే పని మర్చిపోకుండా ఉంటామని నవ్వేవారు.

ఆయనతో నా పరిచయం శిష్యుడిగా మొదలవలేదు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్ళయింది అప్పటికి. నాకు ఇరవై రెండేళ్ళు. ఆ డాక్టరుగారి దగ్గరే కారు డ్రైవరుగా ఉండేవాణ్ణి. మాది ఆగిరిపల్లి పక్క పేట. మా అమ్మా నాన్నా మామిడి తోటల్లో కూలికి పోయేవాళ్ళు. మిషన్ బడిలో చదివించి, పాస్టరుగారి సిఫారసుతో డ్రైవింగు నేర్పించి పంపించారు. మా పేటలో కారు స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. డాక్టరుగారి కారు ఇంగ్లండులో తయారైంది. ఎవరో దొర తిరిగి వెళ్ళిపోతూ అమ్మితే కొన్నారు. దాని డాష్‌బోర్డు కింద ఒక నల్లటి పెట్టె, దానికి కాళ్ళ దగ్గర రెండు చిన్న తలుపులు ఉండేవి. హీటరు. మామిడి కాయలు చెట్టు మీదే ఉడికిపోయేంత ఎండలుండే మా ఊళ్ళో కారుకు హీటరు ఉండటం అందరికీ వింత. చూడటానికి వచ్చిన వాళ్ళకు డాక్టరుగారి అమ్మగారు, అంటే మా పెద్దమ్మగారు, ఆ తలుపులు తెరిపించి మరీ చూపించేవారు.

ఏప్రిల్‌లో ఆ పెట్టెలోంచి కాళ్ళకు వేడి కొట్టడం మొదలైంది. హీటరు మనకెందుకు, కట్టేయమని డాక్టరుగారు మేస్త్రీగారికి చెప్పారు. నేను ఈస్టరుకు ఇంటికి వెళ్ళి వచ్చేసరికి ఆ పని అయిపోయింది. వేడి పోయింది. అందరం సంతోషించాం.

జూన్‌లో వానలు పడ్డాయి. జూలై వచ్చేసరికి కారులో వాసన పుట్టింది. మొదట తడి గోనెసంచి వాసనలా ఉండేది. వారం తిరిగేసరికి కుళ్ళిన పండూ, చచ్చిన ఎలకా కలిసినట్టయింది. సీట్లు ఊడదీసి ఎండబెట్టాను. కింద పరిచిన పట్టాలు కుంకుడు రసంతో కడిగాను. వేపాకు పెట్టాను, బొగ్గులు పెట్టాను, సాంబ్రాణి పొగ వేశాను. కారు ఆపి ఉంచినంతసేపూ బాగానే ఉండేది. కదిలి కాస్త వేగం అందుకోగానే గుప్పుమనేది.

ఇదే నన్ను ముంచింది. కారు నడిచేటప్పుడే వాసన. అంటే నేను లోపల ఉన్నప్పుడే వాసన. పెద్దమ్మగారు రెండుసార్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. మూడోసారి కారు ఎక్కనన్నారు. వంటింట్లో ఆవిడ అన్న మాట వంటమనిషి నాకు చెప్పింది. పేట వాళ్ళు తినేవి తింటే ఆ వాసన రాక ఏమొస్తుందని అన్నారట.

ఆ మర్నాడే కారు తీసుకుని మేస్త్రీగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అలవాటు ప్రకారం చుట్టూ తిరిగారు. లోపల కూర్చుని నన్ను నడపమన్నారు. మైలవరం రోడ్డు మీద కొంత దూరం వెళ్ళాక చెయ్యెత్తి ఆపమన్నారు. వంగి ఆ నల్ల పెట్టె దగ్గర ముక్కు పెట్టారు. చాలాసేపు లేవలేదు. లేచాక నా ముఖం చూడలేదు. వెనక్కి పోదామన్నారు. ఏమైందండీ అంటే చూద్దాం అన్నారు. సాయంత్రం డాక్టరుగారి ఇంటికి నాతోనే వచ్చారు. వరండాలో డాక్టరుగారు, తలుపు వెనక పెద్దమ్మగారు ఉన్నారు. నేను మెట్ల కింద నిలబడ్డాను.

"బండిలో ఏమీ లేదండి" అన్నారు మేస్త్రీగారు.

అంతకన్నా ఒక్క మాట కూడా అనలేదు. అవసరం కూడా లేకపోయింది. ఆయన ముక్కు సంగతి ఊరందరికీ తెలుసు. బండిలో లేదంటే ఇంక నా ఒంట్లోనే ఉండాలి.

డాక్టరుగారు మంచివారు, నన్ను తిట్టలేదు. "చూడవోయ్, అమ్మ పెద్దది, ఆవిడకు చెప్పలేను. నువ్వు ఇంకెక్కడైనా చూసుకో" అన్నారు. ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ నా చొక్కా భుజం దగ్గర పట్టుకుని వాసన చూసింది. పెట్రోలు వాసన తప్ప ఏమీ లేదురా అంది. అని, పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. ఇరవై రెండేళ్ళ వాణ్ణి పెరట్లో కూర్చోబెట్టి, చిన్నప్పటిలా వీపు తోమింది. ఆవిడ ఏడుస్తోందని నాకు తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను మానేసిన వారానికి కారు వాసన పోయింది. వంటమనిషే చెప్పింది. సర్వీసుకని మేస్త్రీగారి షెడ్డులో రెండు రోజులు పెట్టారట, తిరిగి వచ్చాక పెద్దమ్మగారు హాయిగా కూర్చుని గుడికి వెళ్ళి వచ్చారట. ఆ మాట విన్నాక నాకు కూడా అనుమానం పట్టుకుంది. నేనూ నమ్మాను. చర్చిలో చివరి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాను. బస్సులో గాలి నా వైపు నుంచి ఇంకొకరి మీదికి పోకుండా చూసుకుని నిలబడేవాణ్ణి. రోజుకు రెండు పూటలా, ఒక్కోసారి మూడు పూటలా స్నానం చేసేవాణ్ణి. మాంసం మానేశాను. పెళ్ళయ్యాక నా భార్య, మీరు ఒళ్ళు అరగదీసుకుంటున్నారెందుకండీ అని అడిగితే ఇంకో చెంబు నీళ్ళు పోసుకున్నాను.

నా ఉద్యోగం పోయిన నెల తిరక్కుండా మేస్త్రీగారు మా పేటకు వచ్చారు. సైకిలు స్టాండు వేసి, మా నాన్నతో మాట్లాడి, అబ్బాయిని నా దగ్గర పెట్టండి, పని నేర్పుతానన్నారు. ఆయన మీద నాకు కోపం ఉండాల్సింది, కానీ లేదు. బండిలో లేనిది లేదన్నారు, ఆయన తప్పేముంది అనుకున్నాను. పైగా ఊరంతా చూసి ముక్కు మూసుకున్నవాణ్ణి పిలిచి పని ఇస్తున్నారు.

ఆయన నాకు ఏం నేర్పారో రాయాలంటే ఈ పుస్తకం చాలదు. ఇంజను విప్పి, ముక్క ముక్కా గోనె పట్టా మీద పరిచి, మళ్ళీ బిగించమనేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, మళ్ళీ విప్పించేవారు. మధ్యాహ్నం ఆయన ఇంటికే తీసుకెళ్ళి, లోపల, తన పక్కనే పీట వేయించేవారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు. పక్కింటివాళ్ళు ఏదో అంటే పిన్నిగారు, అంటే మేస్త్రీగారి భార్య, వాళ్ళకు వినపడేలా నన్ను "నాయనా, ఇంకొంచెం వడ్డించనా" అని అడిగేవారు. మామిడికాయల రోజుల్లో కొత్తావకాయ మొదటి ముద్ద నా కంచంలోనే పడేది. నా పెళ్ళికి నాన్న పక్కన నిలబడింది మేస్త్రీగారే. ఆరేళ్ళు అలా గడిచాయి. నాకు ఇద్దరు తండ్రులు అని చెప్పుకునేవాణ్ణి.

ఆరో ఏట వానాకాలంలో ముసునూరు నుంచి ఒక తోటల ఆసామి కారు తెచ్చారు. అదీ హీటరున్న పాత ఇంగ్లండు బండే. తలుపు తీసి నడిపి చూశాను. అదే వాసన. మేస్త్రీగారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నాను. ఆయన చెప్పినట్టే బండి చెప్పేదాకా ఆగాను. అద్దం ముందు బయటిగాలి లోపలికి వచ్చే జల్లెడ ఉంది. కారును మామిడి చెట్టు కింద పెడతారు. పూత, ఆకులు, రాలిన పండ్ల రసం, వాన నీళ్ళు అన్నీ అందులోంచి హీటరు పెట్టెలోకి దిగుతున్నాయి. నీళ్ళు బయటికి పోవడానికి పెట్టె అడుగున వేలంత రబ్బరు గొట్టం ఉంది. అది మట్టితో పూడుకుపోయింది. ఇనప తీగ పెట్టి పొడిచాను. నల్లటి నీళ్ళు చెంబెడు కారాయి. పెట్టె ఊడదీసి, కుళ్ళిన ఆకులు చేత్తో తోడి, చాకలి సోడా వేసిన వేడినీళ్ళతో కడిగి ఎండలో పెట్టాను. అంతే. అంత సులువైన పని.

నాకు కలిగిన సంతోషం చెప్పలేను. తడి చేతులతోనే మేస్త్రీగారి ఇంటికి పరిగెత్తాను. ఆయన పీట మీద ఉన్నారు. పిన్నిగారు మజ్జిగ పోస్తున్నారు.

"మేస్త్రీగారూ, దొరికిందండీ. హీటరు పెట్టెలో నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయింది. అప్పుడు డాక్టరుగారి బండిక్కూడా ఇదే అయ్యుంటుందండీ" అన్నాను.

ఆయన కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అయ్యుంటుంది కాదు. అదే అయింది" అన్నారు.

తర్వాత మెల్లగా అంతా చెప్పారు. హీటరు కట్టేసినప్పుడు, కింద నుంచి దుమ్ము రాకుండా ఆ గొట్టంలో గుడ్డ కూరింది ఆయనే. మైలవరం రోడ్డు మీద వంగి చూసినప్పుడే అర్థమైంది. తన పని వల్లే కారు కంపు కొడుతోందని చెబితే డాక్టరుగారు షెడ్డు ఖాళీ చేయమంటారని భయపడ్డారు. తనకు నలుగురు ఆడపిల్లలు. నన్ను పంపించేశాక, సర్వీసు పేరుతో గుడ్డ తీసేసి పెట్టె శుభ్రంగా కడిగారు. అందుకే నాతో పాటు వాసన కూడా పోయింది. పిన్నిగారికి ఇదేమీ తెలియదు. మజ్జిగ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"నిన్ను తెచ్చి పని నేర్పాను కదరా" అన్నారాయన.

"ఉద్యోగం పోయిందని కాదండీ. ఆ వాసన నాదనుకున్నాను. ఆరేళ్ళు" అన్నాను.

ఆయన తల దించుకున్నారు. డాక్టరుగారికీ పెద్దమ్మగారికీ వెళ్ళి ఈ మాట చెప్పమన్నాను. ఇంకేమీ అడగలేదు. చెప్తానన్నారు. మామిడి పూత వచ్చింది, పిందె కట్టింది, కాయ దిగింది, బళ్ళకెత్తి పంపించేశారు. రెండుసార్లు డాక్టరుగారి గేటుదాకా వెళ్ళి తిరిగి వచ్చారని నాకు తెలుసు. ఆ లోపు పెద్దమ్మగారు పోయారు. ఆవిడ నన్ను ఏమనుకుంటూ పోయారో అదే నిజమై మిగిలిపోయింది. ఆ వారమే నేను షెడ్డు మానేసి ఆగిరిపల్లి వచ్చేశాను. నువ్వే వెళ్ళి చెప్పొచ్చు కదా అంటారు. అప్పుడు నా మాట నమ్మి ఉంటే నన్ను పంపించేవారే కాదు. నమ్మింది ఆయన మాట. చెప్పాల్సింది కూడా ఆయనే.

సోమవారం మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. చేతులు కట్టి పడుకోబెట్టారు. గోళ్ళ చుట్టూ నలుపు అలాగే ఉంది. డాక్టరుగారు పూలదండ తెచ్చారు. దండ వేసి, బయటికి వచ్చి, నా పక్కన నిలబడి, "గొప్ప పనివాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు" అన్నారు. తర్వాత నా ముఖంలోకి చూసి, "నువ్వు మా దగ్గర చేశావు కదూ? ఎందుకు మానేశావోయ్?" అని అడిగారు.

ఆయన మర్చిపోయారు. నేను పదేళ్ళుగా తోముకుంటున్నది ఆయనకు గుర్తు కూడా లేదు. పిన్నిగారు గుమ్మంలోంచి నన్నే చూస్తున్నారు. పని నేర్చుకుందామని మానేశానండీ అన్నాను. ఆ అబద్ధం కూడా మేస్త్రీగారి కోసమే ఆడాను. ఆడినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. అందుకే ఇది రాశాను. డాక్టరుగారు ఈ పుస్తకం చదువుతారని తెలుసు. పిన్నిగారు నన్ను మన్నించాలి.

ఇంకొకటి ఉంది. నేను ఆగిరిపల్లిలో షెడ్డు వేశాక వచ్చిన మొదటి వేసవిలో, మిట్టమధ్యాహ్నం ఎందుకో తలెత్తితే, రోడ్డుకు అవతల మేస్త్రీగారు కనిపించారు. నూజివీడు నుంచి అంత ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. సైకిలు హ్యాండిలు రెండు చేతులతో పట్టుకుని నా షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. నేను బానెట్ కింద తల పెట్టి పని చేస్తున్నట్టు నటించాను. రమ్మని పిలవలేదు. ఆయన రోడ్డు దాటలేదు. ఒక మామిడికాయల బండి మా మధ్య నుంచి నెమ్మదిగా వెళ్ళింది. అది దాటిపోయాక చూస్తే, ఆయన సైకిలు తిప్పుకుని, ఎక్కకుండా, నడిపించుకుంటూ పోతున్నారు.