ఉంగరం వేలికి కట్టిన దారం

రెండు నెలల కిందట పెరట్లో కాలు జారి పడితే కుడి మణికట్టు విరిగింది. సిమెంటు కట్టు విప్పాక చూసుకుంటే వేళ్ళు నావి కావన్నట్టు బిర్రబిగుసుకుని ఉన్నాయి. మా కోడలు నన్ను అనకాపల్లిలో కీళ్ళకి కసరత్తు చేయించే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ప్లాస్టిక్ కొలబద్ద లాంటిది తీసి ఉంగరం వేలి కణుపు మీద ఆనించింది. నేను చటుక్కున చెయ్యి లాగేసుకున్నాను. "నొప్పా మామ్మగారూ?" అంది పాపం. నొప్పి కాదు. ఆ వేలు ఎవరైనా కొలవబోతే చాలు, మా అత్తగారి గొంతు ఇప్పటికీ నా వీపు వెనక లేస్తుంది: "ముందు సెయ్యి తియ్యే!"

నేను చోడవరం కాపరానికి వెళ్ళిన కొత్త. డెబ్భైలు అప్పుడే మొదలయ్యాయి. ఇంట్లో మామగారు, అత్తగారు, మా ఆయన, పెళ్ళికావలసిన ఆడపడుచు, నేను. అత్తగారు చేతికి ఎముక లేని మనిషి, ఎవరొచ్చినా కడుపు నింపి గానీ పంపేది కాదు. కానీ అనుమానంలో ఆవిడకి సాటి లేరు. పాలవాడు చెంబు ఎడమచేత్తో వంచితే నీళ్ళు కలిపాడని తేల్చేసేది. ఆ పాలవాడిది పుట్టు ఎడమచేతి వాటం. మేం ఎంత చెప్పినా, "పుట్టుకతోనే మోసం నేరిసేడన్నమాట" అనేది.

ఆ వేసవిలో మామగారి అక్క కొడుకు విశాఖపట్నం నుంచి వచ్చి మా ఇంట్లో దిగాడు. డాక్టరు చదువు పూర్తిచేసి, ఇంకా పెద్ద చదువేదో చదువుతున్నాడు. నాకు వరసకి అన్నయ్య. సన్నగా, గాలి వేస్తే వంగేలా ఉండేవాడు. "అత్తా" అంటూ అత్తగారి వెనకే తిరిగేవాడు. ఆవిడ కూడా నోరారా "అల్లుడూ, కాఫీ తాగు, అల్లుడూ, కాళ్ళు కడుక్కో" అనేది. మేనల్లుడు కదా, తప్పేముంది?

అతను వచ్చిన పని వినగానే ఇంటిల్లిపాదీ నవ్వాం. మనం రోజూ చేసే పనుల్లో వేళ్ళ కీళ్ళు ఒకదానితో ఒకటి ఎలా కలిసి కదులుతాయో కొలవాలిట. పిల్లల జామెట్రీ పెట్టెలో ఉండే అర్ధచంద్రం లాంటి ఇత్తడి బిళ్ళ, దానికి తిరిగే ముల్లు. కీలు కీలుకీ దారం కట్టి గుర్తు పెట్టుకునేవాడు. చింతపండు గింజ తీయమనేవాడు, పువ్వులు మాల కట్టమనేవాడు, వత్తి చేయమనేవాడు. మధ్యలో "అలాగే ఆగండి" అని ముల్లు ఆనించేవాడు. అన్నం కలిపి ముద్ద ఎత్తబోతే కూడా ఆగమన్నాడొకరోజు. "తినీవోళ్ళ నోటికాడ ముద్ద ఆపి ఏళ్ళు సూసీ సదువేటి అల్లుడూ?" అంది అత్తగారు. అతను నవ్వలేదు. "చెరుకు గానుగలో చేతులు పోగొట్టుకుని మా ఆసుపత్రికి ఎంతమంది వస్తన్నారో తెలుసా అత్తా? వాళ్ళకి చెయ్యి లాంటిది చెయ్యాలంటే, ముందు ఉన్న చెయ్యి ఏం చేస్తందో తెలియాలి కదా" అన్నాడు. అత్తగారు కాసేపు తన చేతికేసి చూసుకుంది. 

అంతా ఒక మధ్యాహ్నం చెడింది. వసారాలో ఆడపడుచు మల్లెలు కడుతోంది. అతను ఎదురుగా కూచుని ఆమె ఉంగరం వేలికి దారం చుట్టి ముడి వేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటావిడ పెరుగుతోడుకని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మా వైపు ఆడపిల్ల ఉంగరం వేలికి దారం చుట్టి కొలత తీశారంటే, అది కంసాలి దగ్గరికి వెళ్ళిందనే అర్థం. అంటే సంబంధం ఖాయమైపోయిందని. పైగా దారం కట్టినవాడు మేనత్త కొడుకు! ఎదురింటావిడ తోడు అడగడం మరిచిపోయి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ మాట వడ్డాది సంతకి ఎప్పుడు చేరిందో, అక్కణ్ణించి మాడుగుల ఎలా పాకిందో ఎవరికీ తెలీదు.

మాడుగుల ఎందుకంటే, ఆడపడుచుకి అక్కడ ఒక మాస్టారి సంబంధం మాటల్లో ఉంది. చూడ్డానికి వచ్చిన రోజు ఆ అబ్బాయి పాట పాడమనలేదు, మంచినీళ్ళడిగి, తాగి, గ్లాసు తనే లోపలికి తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచీ మా ఆడపడుచు ఎవరూ లేపకుండా లేచి తల దువ్వుకోవడం మొదలెట్టింది. నోరు తెరిచి అనలేదు గానీ ఆ సంబంధం తప్పిపోతే పిల్ల మనసు విరిగిపోతుందని నాకు తెలుసు. అంతలో మాడుగుల వాళ్ళు ముహూర్తం మాట ఎత్తడం మానేశారు.

అత్తగారికి కారణం తెలిసిన రోజు నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరగా వేసింది. "ఇదంతా మా వొదిన పన్నాగమే! పిల్లనిమ్మని అడిగింది, నానిచ్చేనా? ఇవ్వనేదు. అందుకని సదువు పేరెట్టి కొడుకుని దారమిచ్చి పంపింది" అంది. "అత్తయ్యా, నా వేళ్ళకీ కట్టేడు కదా" అన్నాను. "నీకు కట్టింది నాకు అనుమానం రాకుండా!" అంది. ఆ తరవాత అతను నా వేలు కొలవబోయినా సరే, వెనక నుంచి "ముందు సెయ్యి తియ్యే!" అని అరిచేది. ఆ రోజు నుంచీ ఆవిడ నోట "అల్లుడూ" అన్న పిలుపు మాయమైంది. మేనల్లుడికీ కూతురి మొగుడికీ ఒకటే మాట కదా, ఎవరైనా వింటే కొంప మునుగుతుందని. "బాబూ" అనడం మొదలెట్టింది. మొదటిసారి ఆ పిలుపు విన్నప్పుడు అతను వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు.

విరుగుడు కూడా ఆవిడే కనిపెట్టింది. వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలిచి, "మా బాబు పెద్ద సదువు, మీ ఏళ్ళూ కొలిపించుకోండి" అని కూచోబెట్టింది. అందరికీ దారం కడితే ఎవరికి కట్టినట్టూ కాదని ఆవిడ లెక్క. ఎదురింటావిడ అత్తగారు, పళ్ళన్నీ ఊడిపోయిన ముసలమ్మ, చేతులు రెండూ చాపి, "ఈ వొయసులో నాకేటి సంబంధం తెచ్చేవు నాయినా?" అంది.

ఆ కోలాహలంలోనే, కబురైనా లేకుండా, మాడుగుల అబ్బాయి తల్లి బస్సు దిగి వచ్చేసింది. తన కళ్ళతో చూసి తేల్చుకుందామని. అత్తగారు చాప వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. మజ్జిగ గ్లాసు తెచ్చి, కంగారులో పాత అలవాటు తన్నుకొచ్చి, "అల్లుడూ, కాస్త జరుగు, ఆవిడ కూకుంటాది" అనేసింది.

 మాడుగులావిడ కూచోలేదు. "అల్లుడా? మాకు సెప్పకుండానే వొచ్చేసేడేటమ్మా అల్లుడు?" అంది.

 అప్పుడు తలుపు చాటు నుంచి మా ఆడపడుచు బయటికి వచ్చింది.  "మా మేనత్త కొడుకండి. ఈ వీధిలో అందరికీ దారం కట్టేడు. దారం కడితే పెళ్ళయిపోయినట్టైతే ఈ మామ్మకీ అయిపోయినట్టేనండి" అంది. పళ్ళులేని ముసలమ్మ దారాలు కట్టిన చెయ్యి పైకెత్తి చూపించింది.

మాడుగులావిడ నవ్వలేదు. అతనికేసి ఎగాదిగా చూసి, చాప మీద చతికిలబడి, చెయ్యి ముందుకి తోసింది. "నిజంగా సదువే అయితే నా సెయ్యీ కొలువు, సూస్తాను."

అతను దారం కట్టాడు. అరచెయ్యి పీట మీద బోర్లించి, నడిమివేలు కిందికి మడిచి, ఉంగరం వేలు ఒక్కటీ ఎత్తమన్నాడు. ఆవిడ ఎత్తబోయింది. లేవలేదు. పళ్ళు బిగించింది. లేవలేదు. "ఇదేటి, నా ఏలికేటైనా జబ్బా?"

"జబ్బు కాదండి. అందరికీ అంతే. పక్కవేలు ముడిస్తే ఇది ఒక్కటీ లేవదు."

"మోసం!" అంటూ ముసలమ్మ నేల మీద చెయ్యి పెట్టి చూసుకుంది. ఎదురింటావిడ పెట్టింది. నేనూ పెట్టాను. ఒక్కరి వేలూ లేవలేదు. ఎవరు ముందు నవ్వారో గానీ, వసారా అంతా నవ్వుతోంటే మాడుగులావిడకీ ఆగలేదు. "ఓరి నీ సదువు సల్లగుండ! ఈ ముక్క కోసం మా బుర్రలు తినేసేవా?" అని, అత్తగారి చేతిలో గ్లాసుకేసి చూసి, "వొదినా, ఆ మజ్జిగ ఇలాగియ్యి" అంది.

ఆ "వొదినా" విని ఆడపడుచు లోపలికి పరిగెత్తింది. బియ్యం డబ్బా మీద తల ఆనించి ఏడుస్తోంటే నేను వెళ్ళి పక్కన కూచున్నాను.

శ్రావణంలో పెళ్ళయింది. అన్నయ్య వచ్చాడు, పందిట్లో చివర నిలబడి అక్షింతలు వేసి, భోజనానికి ఆగకుండా బస్సెక్కాడు. ఆ తరవాత చోడవరం ఎప్పుడో గానీ రాలేదు. వచ్చినప్పుడు అత్తగారు "బాబూ" అనే పిలిచింది. ఆఖరి రోజుల్లో ఒకసారి మంచం మీంచి నా చెయ్యి పట్టుకుని, "వోడిది సదువు నిజిమేనే. సదువొక్కటే అవునో కాదో మాత్తరం నాకు తెలనేదు" అంది. ఆడపడుచుని అడిగితే నవ్వేసి మాట మార్చేది. అన్నయ్యని నేను అడగనేలేదు.

ఇప్పుడు ముగ్గురూ లేరు. కాలం ఏ అనుమానాన్నైనా తీరుస్తుందనుకుంటాం గానీ, అది చేసేది ఇంతే: అడగవలసినవాళ్ళని ఒక్కొక్కరినీ తీసుకుపోయి, అనుమానాన్ని మాత్రం మన దగ్గరే వదిలేస్తుంది.