మా ఆయన పరుగెత్తిన కంకర రోడ్డు

"బొబ్బర్లు నానబోశావా?" అన్నాడు, బూట్ల తాళ్ళు ముడేసుకుంటూ.

"పోశాలే, నువ్వు పో" అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. పోయినేడు ఒక శనివారం పొద్దున్నే ఆరు గంటలకు, అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా గుమ్మం దగ్గర. పదింటికి ఫోను వచ్చింది. పరుగెత్తుతూ రోడ్డు పక్కన పడిపోయాడని, ఆసుపత్రికి చేరేలోపే పోయాడని.

ఆయన షాంటిలీలో ఇండియన్ కిరాణా కొట్లో బియ్యం బస్తాలు సర్దేవాడు. షుగరు వచ్చాక డాక్టరు నడవమంటే నడకతో ఆగలేదు. ఎవరో ఫ్రాన్స్ దేశపు పల్లెల్లో ద్రాక్షతోటల మధ్య ఒంటరిగా పరుగెత్తే వీడియోలు ఫోనులో చూసి, "ఫ్రాన్స్ ఎటూ పోలేం, ఇక్కడే అట్టాంటి దారి వెతుకుతా" అన్నాడు. వెతికి పట్టుకున్నాడు కూడా. ఇక్కడికి పడమరగా గంట దూరంలో, కొండల పక్కన, ద్రాక్షతోటలూ గుర్రాల మేతబీళ్ళూ ఉన్నచోట కంకర రోడ్లు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు అయిదారుగురితో కలిసి ప్రతి శనివారం అక్కడికే. నేను ఒక్కసారీ పోలేదు. నా మోకాళ్ళు నాకున్నాయి, శనివారం నిద్ర నాకుంది.

ఇప్పుడు పోవడానికి కారణం ఒకటే. ప్రాణం పోయేవాళ్ళ నోట్లో ఇన్ని నీళ్ళు పోస్తాం మనం. పగవాడికైనా పోస్తాం. మా ఆయనకు ఎవరు పోశారు? దినాలప్పుడు అడిగితే ఆ పరుగువాళ్ళలో ఒకాయన, "అక్కడ గుర్రాల ఫారం ఆవిడ సీసాతో పట్టింది ఆంటీ" అన్నాడు. ఇంకొకాయన, "గ్లాసుతో తాగించింది" అన్నాడు. నాకు చదువు లేదు గానీ చెవులున్నాయి. సీసా ఎట్లా అయింది, గ్లాసు ఎట్లా అయింది? ఏడాదంతా మనసులో అదే నలిగింది. సంవత్సరీకం పెట్టిన పది రోజులకు, సెప్టెంబరు ఆఖరి శుక్రవారం బయల్దేరాను. నేనెక్కాల్సిన బస్సు శనాదివారాల్లో లేదు, అందుకని శుక్రవారం.

ఆ పరుగువాళ్ళలో మాధవి అని ఒకావిడ ఉంది. నలభై ఏళ్ళుంటాయి, కరీంనగర్ పిల్ల. ఇంటికొచ్చి కారులో తీసుకెళ్తానంది. వద్దన్నాను. గుమ్మంలోంచి కారెక్కితే దారి కనబడదు, ఆ పిల్ల మొహమాటమే కనబడుతుంది. ఆఖరి బస్టాపు దగ్గర ఉండమన్నాను. నేనుంటున్నది నా చెల్లెలి కూతురు లావణ్య దగ్గర. నాకు అంకెలు వచ్చుగానీ ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి, అది అట్టముక్క మీద బస్సు నంబర్లు పెద్దగా రాసి, దిగేచోట్లకు బొమ్మలు వేసిచ్చింది. స్టేషనుకు రైలు బొమ్మ, ఆఖరి ఊరికి కొండ బొమ్మ.

పొద్దున ఆరు యాభైకి హెర్న్‌డన్‌లో రైలెక్కాను. అందరూ వాషింగ్టన్ వైపు పోతుంటే నేనెక్కిన రైలు పెట్టె సగం ఖాళీ. విమానాశ్రయం దగ్గర ఉన్నవాళ్ళు కూడా సామాన్లతో దిగిపోయారు. ఆష్‌బర్న్‌లో రైలు ఆగిపోతుంది, దాటిపోతామన్న భయం లేదు. అక్కడినుంచి బస్సులో లీస్‌బర్గ్, అక్కడ ఇరవై నిమిషాలు బెంచీ మీద కూచుని ఇంకో బస్సు. ఇళ్ళు ఒకదానికొకటి ఎడమవుతూ వచ్చాయి. ముందు కొట్లు పోయాయి, తరవాత కాలిబాటలు పోయాయి, ఆ తరవాత జొన్నచేలు వచ్చాయి. మన జొన్న కాదు, మొక్కజొన్న.

ఆ రెండో బస్సులో నా పక్కన సాల్వడార్ దేశపు ఆవిడ కూచుంది, ఇళ్ళు శుభ్రం చేసే పనికి పోతోంది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడి.

"ఎక్కడ పని?" అంది.

"పని లేదు. రైలూ రెండు బస్సులూ ఎక్కి నడవడానికి పోతున్నా."

"రైలెక్కి, రెండు బస్సులెక్కి, నడవడానికా!" అని నా భుజం మీద కొట్టి నవ్వింది. దిగేటప్పుడు, "నా బదులు కూడా నడువు" అంది.

తొమ్మిదింబావుకు పర్సెల్‌విల్‌లో దిగాను. మాధవి కారు దగ్గర నిలబడి ఉంది, నా ముఖం కేసి చూడటం లేదు. పదిహేను నిమిషాలు పోయాక తారు ఆగిపోయి కంకర మొదలైంది. కారు అక్కడే వదిలేశాం.

"రూట్ ఈడికెళ్ళి స్టార్ట్ ఐతది ఆంటీ. ఆరు మైళ్ళ లూప్. మనం అంతా పోవద్దు, ఆ ఫారం ఆవిడ ఎలెన్ ఇంటిదాంక రెండున్నర మైళ్ళే. అలసిపోతే చెప్పుండ్రి, నేను పోయి కారు తెస్త."

"నువ్వు అలసిపోతే చెప్పు" అన్నాను.

ఆ రోడ్డు సంగతి చెప్పాలి. రెండు పక్కలా సున్నం లేకుండా పేర్చిన రాతిగోడలు, నా నడుమంత ఎత్తు. గోడ అవతల గుర్రాలు. వాటి మొహాలకు గుడ్డ కట్టి ఉంటే, ఇదేం పాపం, కళ్ళకు గంతలు కట్టారే అనుకున్నాను. అది వల ఆంటీ, ఈగలు రాకుండా, వాటికి అన్నీ కనపడతయి అంది మాధవి. దగ్గరికెళ్ళి చూస్తే నిజమే, లోపల్నుంచి నన్ను చూస్తోంది ఒకటి. ద్రాక్షతోటలకూ వలలే కప్పారు, పిట్టలు తినకుండా. మొత్తం మీద నాలుగు కార్లు ఎదురయ్యాయి. ఎదురైన ప్రతి మనిషీ స్టీరింగు మీదనుంచి రెండు వేళ్ళు లేపాడు. తెలిసినవాళ్ళా అంటే కాదట, ఇక్కడ మర్యాద అదట. నేను చెయ్యంతా ఊపాను. ఎడమ పక్కనే నడవాలి, వచ్చే కారు మన కళ్ళకు కనబడాలి. కార్లు పోయాక నా బూట్ల కింద కంకర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పద్నాలుగేళ్ళనుంచి ఈ దేశంలో ఉన్నాను, బడి వంటింట్లో గిన్నెల మోతలో పనిచేశాను. ఇక్కడ ఇంత నిశ్శబ్దం ఉందని నాకు తెలియదు. ఆయన చెప్పే ఉంటాడు, నేను వినలేదు.

రెండు మైళ్ళు పోయాక మాధవి ఆగింది. దూరంగా, ఎదుటి ఎత్తు మీద ఒక గేటు స్తంభం చూపించింది. పరుగువాళ్ళు ముందురోజు సాయంత్రమే వచ్చి సగం దారిలో నీళ్ళ సీసాలు దాచిపెట్టుకుంటారట, మోసుకుంటూ పరుగెత్తలేరు కదా. "మన సీసాలు ఆడ పెడ్తుంటిమి. అంకుల్ దానికి ఇవతల్నే..." అని మాట మింగేసింది.

"ఇవతలే పడిపోయాడు. అంటే సీసాతో తాగలేదు" అన్నాను.

ఆ పిల్ల గబగబా ముందుకు నడిచింది.

పావు తక్కువ పదకొండుకు ఎలెన్ ఇంటికి చేరాం. డెబ్భై ఏళ్ళ తెల్లావిడ, రబ్బరు బూట్లు, చేతిలో గుర్రాల తొట్టి నింపే నీళ్ళ పైపు. నేనెవరో మాధవి చెప్పగానే పైపు కింద పడేసింది. మాధవి నాకు తెలుగులో చెప్పబోతే ఆపాను.

"నా ఇంగ్లీషు నాకు చాలు. నువ్వేమీ కలపకు."

అడిగాను. ఆయనకు నీళ్ళు ఇచ్చావా?

ఎలెన్ నా కళ్ళలోకి చూసి చెప్పింది. "లేదు. ఆ గోడ మూలన పడి ఉన్నాడు. మెలకువ ఉంది. ఈ పైపు వైపు చెయ్యి చూపించాడు, నాకు అర్థమైంది. కానీ అంబులెన్సు వాళ్ళు ఫోనులో ఏమీ తాగించొద్దన్నారు. నేను ఇవ్వలేదు. చెయ్యి పట్టుకుని కూచున్నా, అంతే." కింద పడ్డ పైపు కేసి చూసి, "గుర్రాలకు నీళ్ళు పెట్టినప్పుడల్లా ఆ చెయ్యి కనబడుతుంది" అంది.

గోడ పట్టుకుని నిలబడ్డాను. అడిగాడు, ఇవ్వలేదు.

మాధవి ఏడుపు మొదలుపెట్టింది. "మేమే అబద్ధం చెప్పినం ఆంటీ. మీ మొహం చూసి లేదని చెప్పనీకి నోరు రాలే."

"చెబితే చెప్పారు, అందరూ ఒకే మాట అనుకోవద్దూ! అంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ళు, సీసానో గ్లాసో తేల్చుకోలేకపోయారా?" అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది.

ఎలెన్‌ను తప్పు పట్టలేకపోయాను. వైద్యం తెలిసినవాళ్ళు వద్దంటే ఎవరు ఇస్తారు? ఇవ్వలేదని నా ముఖం మీద చెప్పిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ గోడ మూలకు నడిచి, పైపు తెమ్మన్నాను. కింద కూచుని దోసిలి పట్టాను.

"నువ్వే పొయ్యి" అన్నాను.

ఎందుకో ఆవిడకు తెలియదు. అయినా పోసింది. మొగుడికి పెళ్ళాం నీళ్ళు వదలకూడదంటారు. అక్కడ అనేవాళ్ళెవరూ లేరు, గుర్రాలు తప్ప. ఆయన పేరు పైకే చెప్పి రెండు దోసిళ్ళు వదిలాను. కంకర గబగబా తాగేసింది. మూడో దోసిలి నేనే తాగాను. అంత దూరం నడిచాను, దాహమేసింది. బావి నీళ్ళు, కాస్త ఇనుము రుచి, చల్లగా ఉన్నాయి. తల ఎత్తితే ఎలెన్ పైపు ఇంకా అలాగే పట్టుకుని ఉంది, ఆవిడ బూట్లు తడిసిపోతున్నాయి.

ఆవిడ వరండాలోనే పులిహోర పొట్లం విప్పాను. ముగ్గురం తిన్నాం. ఎండుమిరపకాయ తినేదని ఆవిడకు చెప్పలేదు, అయినా కొరికింది. మళ్ళీ ఇంకోటి అడిగింది.

మధ్యాహ్నం రెండు నలభైకి తిరుగు బస్సు. లీస్‌బర్గ్ దాకా నిద్రపోయాను, మోకాళ్ళు మాత్రం మేలుకునే ఉన్నాయి. అయిదు దాటాక హెర్న్‌డన్‌లో దిగాను. అటు పోదలచినవాళ్ళు శుక్రవారం పొండి, మడమ పట్టే బూట్లు వేసుకోండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి, ఎదురైనవాళ్ళకు రెండు వేళ్ళు లేపండి. దారి మంచిది. ఫ్రాన్స్ నేను చూడలేదు కాబట్టి దానికంటే బాగుందో లేదో చెప్పలేను. నేను వెతుక్కుంటూ పోయిన నీళ్ళు అక్కడ లేవు. కానీ ఆయన చెయ్యి ఒక మనిషి చేతిలో ఉందట. అది నాకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళ అబద్ధంలో ఆ ముక్కే పోయింది.

అయింది లావణ్యా, నేను చెబుతుంటే రాసుకున్న ఆ ఫోను అప్పుడే కింద పెట్టకు. మొదట్నుంచి చదివి వినిపించు. ఆయన అడిగాడు, ఆవిడ ఇవ్వలేదు అన్నచోట నేను చెప్పిన మాటే ఉండాలి. నా మీద జాలిపడి మెత్తగా మార్చావో, నాకు తెలిసిపోతుంది. ఊఁ, చదువు.